అనిత పదకొండు రఫ్ పుస్తకాలు

మా ఆవిడ అనితకి నలభై ఆరేళ్లు. కమ్యూనిటీ కాలేజీలో ఆర్ట్ చదువుతోంది అంటే, కెనడాలోని ఈ రిచ్‌మండ్ హిల్‌లో మన తెలుగువాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "హాబీగానా అండీ?" అని. వింటే నాకు ఒళ్లు మండుతుంది. రెండు చలికాలాలు మంచులో నిలబడి బస్సెక్కిన మనిషిని పట్టుకుని హాబీ ఏమిటి?

తెనాలి బళ్లో రికార్డు పుస్తకంలో తను వేసిన కప్ప బొమ్మని సైన్సు మాస్టారు పక్క సెక్షన్లకి కూడా తిప్పి చూపించారట. పెళ్లయిన కొత్తలో ఆ సంగతి చెబితే నవ్వి ఊరుకున్నాను. తర్వాత పాతికేళ్లు నా ఉద్యోగాల వెంట తిరిగింది. మా అమ్మాయి భవిత చదువుకి వేరే ఊరెళ్లిన ఏడాది, నాకు చెప్పకుండానే కాలేజీకి అప్లై చేసుకుంది.

రెండేళ్లు పూర్తయ్యాక యూనివర్సిటీలో నేరుగా మూడో ఏడాదిలో చేరొచ్చు. అందుకు ఇరవై బొమ్మలు పట్టుకెళ్లి ఇంటర్వ్యూకి కూర్చోవాలి. అనితకి ఈ జన్మలో కావలసింది ఆ సీటొక్కటే.

ఫిబ్రవరంతా డైనింగ్ టేబుల్ తనదే. రెండేళ్లలో పదకొండు రఫ్ పుస్తకాలు నింపింది. బస్సులో కునికే వాళ్లు, కాఫీ షాపు కుర్చీలు, కొట్టివేతలు, పక్కన తనని తనే తిట్టుకున్న తిట్లు. వాటిల్లోంచి మంచివి ఏరి, ఖరీదైన కాగితం మీద మళ్లీ నీటుగా వేసింది. మన బళ్లలో నేర్పింది అదేగా. రఫ్ వేరు, ఫెయిర్ వేరు. రఫ్ పుస్తకం మాస్టారి బల్ల మీద పెడితే వీపు విమానం మోత మోగేది.

"ఈ రఫ్ పుస్తకాలేం చేయమంటారు?" అంది, ఇరవయ్యో బొమ్మ అయిపోయాక.

"ఇంకెందుకు, అడ్డం" అన్నది నేనే. బుధవారం పొద్దున్నే వాటిని, సిటీ బండి పాత కాగితాలు పట్టుకెళ్లే నీలం రీసైక్లింగ్ డబ్బాలో వేసి రోడ్డు పక్కకి ఈడ్చిందీ నేనే. ఇల్లు శుభ్రపడిందని టీ పెట్టుకుని తాగాను.

వారం తర్వాత ఇంటర్వ్యూ. సెలవు పెట్టి నేనే డ్రైవ్ చేశాను. లోపలి నుంచి వచ్చిన అనిత కారెక్కాక చెప్పింది. ప్రొఫెసరమ్మ బొమ్మలు చూసి బాగున్నాయందట. ఆ తర్వాత స్కెచ్‌బుక్కులు, అదే ఆ రఫ్ పుస్తకాలు, అడిగిందట. ఎక్కడ తడబడ్డారో, ఎలా దిద్దుకున్నారో మాకు అదే ముఖ్యం అందట. లేవంటే, "మరి ఇవి ఫొటోల మీద కాగితం పెట్టి గీసినవి కావని నాకెలా తెలుస్తుంది?" అని మెల్లగానే అడిగిందట. పుస్తకాలు తెచ్చి చూపించడానికి సోమవారం దాకా గడువిచ్చింది.

అప్లికేషన్ ఫారంలో 'ప్రాసెస్ వర్క్' అని ముందే ఉంది. ఇద్దరం చదివాం. ఎలా వేశామో నోటితో చెప్పమంటున్నారనుకుని, అద్దం ముందు నాలుగు రోజులు ప్రాక్టీస్ కూడా చేసింది.

సిటీ వాళ్లకి ఫోన్ చేశాను. వారం కిందటి కాగితం ఎక్కడని వెతుకుతాం సార్ అన్నాడు ఒకాయన. పాపం ఆయన మీద నోరు పారేసుకున్నాను. బొమ్మలు అనిత సొంతంగా వేసినవేనని కాలేజీ టీచర్ ఉత్తరం రాసిచ్చింది. ఉత్తరం చాలదు, పుస్తకాలే కావాలని యూనివర్సిటీ నుంచి జవాబొచ్చింది. "డాడ్, హౌ కుడ్ యూ?" అంది భవిత ఫోన్లో.

శనివారం సిగ్గు విడిచి కొత్త స్కెచ్‌బుక్కు కొనుక్కొచ్చాను. "మళ్లీ రఫ్‌గా వేసెయ్. నాలుగు వంకరలు, నాలుగు కొట్టివేతలు. ఎవరికి తెలుస్తుంది?"

కూర్చుంది పాపం. మొదటిసారికే చక్కగా కుదిరింది. రెండోసారీ కుదిరింది. "తప్పు వెయ్యమంటే వెయ్యలేవా!" అని అరిచాను.

పెన్సిలు కింద పెట్టింది. "ఎక్కడెక్కడ తప్పు చేశానో గుర్తు రావట్లేదండీ" అంది.

సోమవారం పొద్దున తనే ఈమెయిల్ రాసింది. పుస్తకాలు అనవసరం అనుకుని తనే పారేసుకున్నానని రాసింది. నా పేరు ఎక్కడా లేదు. సెండ్ నొక్కేదాకా వెనకాలే నిలబడి అక్షరం అక్షరం చదివాను. అది అబద్ధం అనితా, నేను కదా పారేసింది అనడానికి నాకు నోరు రాలేదు.