మేనరికానికి రెండు గీతలు

ఢిల్లీలో ఒక పెద్ద ఆసుపత్రిలో నేను రీసెర్చ్ నర్సుని. చిన్న వయసులోనే పక్షవాతం వచ్చినవాళ్ళ రక్తం, వాళ్ళ వంశవృక్షం సేకరించి, నాలుగు దేశాల డాక్టర్లు కలిసి చేస్తున్న పరిశోధనకు పంపడం నా పని. రక్తం తీయడం తేలిక. వంశవృక్షమే తలనొప్పి. బాబాయి పేరడిగితే ఆస్తి తగాదా దాకా వెళ్తుంది.

ఒకసారి మయూర్ విహార్ నుంచి మన తెలుగాయన వచ్చారు. నలభై నిండలేదు, కుడి చెయ్యి పడిపోయింది. వివరాలన్నీ ఆయన భార్యే చెప్పింది. ఆయన తనకు సొంత మేనమామ అని నేను అడక్కుండానే చెప్పింది. వంశవృక్షంలో మామూలు దంపతుల మధ్య ఒక గీత, దగ్గర చుట్టరికంలో పెళ్ళయితే రెండు గీతలు గీయాలి. గీశాను.

వారం తర్వాత వీడియో మీటింగులో విదేశీ డాక్టరమ్మ ఆ కాగితం తెర మీద పెట్టి, ఒకే మనిషిని మేనమామగానూ భర్తగానూ రాశారు, పొరపాటేమో చూడమంది. మర్యాదగానే అడిగింది. నా పక్కనున్న ఢిల్లీ వాళ్ళు మాత్రం ముఖముఖాలు చూసుకున్నారు. ఇక్కడ మేనమామంటే తండ్రితో సమానం. ఒకామె, మామాజీతో పెళ్ళేమిటని నవ్వింది. మా అమ్మానాన్నలదీ మేనరికమే. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పొరపాటే, దిద్దుతానన్నాను. రెండు గీతలు ఒకటి చేసి, ఆమెను పరాయింటి పిల్లని చేసేశాను. నా సర్వీసులో అంత పిరికి పని ఇంకోటి చేయలేదు.

మూడు నెలలకు ఆ దంపతులు మళ్ళీ వచ్చారు. ఆయన ఫిజియోథెరపీకి వెళ్ళగానే ఆమె కుర్చీ నా పక్కకు జరుపుకుని, తమ చుట్టరికం సంగతి కాగితంలో రాశానా అని అడిగింది. రాశానన్నాను.

"మా పిల్లలకి రెండేపులా మా ఇంటి రక్తమే కదండీ సిస్టర్. ఇది వాళ్ళకీ వత్తాదేమోనని బెంగ. అందుకే సిగ్గిడిసి చెప్పాను."

నాకు తల కొట్టేసినట్టయింది. పరిశోధనలో ఎవరి ఫలితం వాళ్ళకు విడిగా చెప్పరని వివరించి, పిల్లల సంగతి అడగడానికి మా ఆసుపత్రిలోనే జన్యువుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. అక్కడ రెండు గీతలూ మళ్ళీ గీశాను.

తరువాతి మీటింగులో అందరి ముందూ చెప్పేశాను. మొదట రాసిందే నిజం, సిగ్గుపడి మార్చాను, మా ఇంట్లోనూ ఇదే పద్ధతి అని. నవ్వినామె తల దించుకుంది. డాక్టరమ్మ థాంక్స్ చెప్పి, మిగతా తెలుగు కుటుంబాల సంగతేమిటని అడిగింది. వాళ్ళ కాగితాలు తిరగేశాను. చుట్టరికం ఉందా అన్న ప్రశ్న దగ్గర, ఎవరినీ అడక్కుండానే లేదని టిక్కు పెట్టుకుంటూ పోయాను.

మర్నాటి నుంచి ఒక్కొక్కరికీ ఫోన్లు చేశాను. మొదట ఢిల్లీ పక్కనే ఉన్న వైశాలిలో ఒక పెద్దావిడ ఎత్తింది. ఆవిడ కొడుక్కి ముప్ఫై రెండేళ్ళకే పక్షవాతం వచ్చింది. మీకూ మీ ఆయనకీ పెళ్ళికి ముందే చుట్టరికం ఉందా అని అడిగాను.

"మా ఆయన మా అమ్మ తమ్ముడేనమ్మా. ఆ రోజు చెప్పబోతే మీరే గబగబా పేజీ తిప్పేశారు" అంది.