పలకని అక్షరం

మా అమ్మ మమ్మల్ని బడి మాన్పించినప్పుడు ముగ్గురికి మూడు కారణాలు చెప్పింది. పాస్టరుగారితో తమ్ముడి కాలి సంగతి చెప్పింది. చుట్టుపక్కల ఆడవాళ్లతో, బడికి పంపితే తలల నిండా పేలు తెచ్చుకుంటున్నారంది. నాన్నతో మాత్రం, పెళ్లికి ముందు తను పాసైన టీచర్ ట్రైనింగ్ సర్టిఫికెట్టు ట్రంకుపెట్టెలో పడి చెదలు పట్టిపోతోందని చెప్పింది.

మూడూ నిజమే. తమ్ముడికి ఆరేళ్లప్పుడు పెద్ద జ్వరం వచ్చి తగ్గాక కుడికాలు సన్నబడింది. బడి దూరం. అక్కా నేనూ సంచులు తగిలించుకుని పోతుంటే వాడు కిటికీ ఊచలు పట్టుకుని సందు మలుపు దాకా వినిపించేలా ఏడ్చేవాడు. ఒక జూన్‌లో, బడులు తెరిచే రోజున, అమ్మ మాకు జడలు వేసి, రిబ్బన్లు కట్టి, గేటు వైపు కాకుండా వరండాలో చాప వైపు చెయ్యి చూపించింది. మా ఇంటి బడి అలా మొదలైంది.

అవి డెబ్బైల మధ్య సంవత్సరాలు. సుబేదారిలో ఆఫీసుల వెనక సందులో మా అద్దె ఇల్లు. నాన్న ఉపదేశి. అంటే చర్చి తరఫున ఊళ్లు తిరిగి వాక్యం చెప్పే పని. సోమవారం పొద్దున సైకిలెక్కి నర్సంపేట వైపు పోతే శనివారం సాయంత్రానికి దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చేవాడు. ఇల్లూ బడీ రెండూ అమ్మవే.

అప్పటికి అక్కకు పదమూడేళ్లు, నాకు పది, తమ్ముడికి ఎనిమిది, చెల్లికి ఆరు నడుస్తోంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా నాలుగు తరగతులకు పాఠం చెప్పడం ఎవరివల్లా కాదు కాబట్టి అమ్మ ఒక పద్ధతి పెట్టింది. పొద్దున ప్రార్థన అయ్యాక అమ్మ అక్కకు చెప్పాలి, అక్క నాకు, నేను తమ్ముడికి, వాడు చెల్లికి. ఇంకొకరికి చెప్తేనే మనకు వచ్చినట్టని అమ్మ నమ్మకం. అయితే పాఠం చేతులు మారే కొద్దీ కొంచెం అరిగేది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని అమ్మ అక్కకు చెప్పింది. శనివారం నాన్న పరీక్ష పెడితే, సూర్యుడికి తల తిరుగుతుందని చెల్లి చెప్పింది. నాన్న చాలాసేపు ఆలోచించి, ఎండాకాలంలో తిరగొచ్చు అన్నాడు.

ఈ పద్ధతిలో అన్యాయం జరిగింది చెల్లికే. దాని కింద ఎవరూ లేరు. కొన్నాళ్లు కోళ్లకు చెప్పింది. కోళ్లు అ ఆలు పూర్తికాకముందే లేచిపోయేవి. తనకూ ఒక పిల్లగాడు కావాలని చాప మీద పడి పొర్లి ఏడ్చేది.

ఎదురింట్లో బోర్డులు రాసే చాచా ఉండేవాడు. గోరింట పెట్టిన గడ్డం, రంగులంటిన వేళ్లు. యాభై దాటాయి. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ చదువుకున్నది ఉర్దూ. ఇంగ్లీషు అక్షరాలు కూడా వేసేవాడు. తెలుగు బోర్డయితే గిరాకీ చీటీ మీద రాసిచ్చింది చూసి, బొమ్మ గీసినట్టు గీసేవాడు. చెయ్యి ఎంత బాగా తిరిగినా కన్ను చదవలేదు గదా. ఒకసారి కిరాణాకొట్టు సేటు చీటీలో కొట్టు పేరు రాసి, కింద 'శుక్రవారం కల్లా కావాలె' అని రాశాడట. చాచా రెండూ వేశాడు. రెండో వరస ఎరుపులో, నీడతో సహా. ఆ బోర్డు సందు మొత్తం నవ్విన తర్వాతే దిగింది.

మా ప్రార్థనలో అమ్మ మాతో ఒక పొడుగాటి కీర్తన చదివించేది. అందులో ఒక్కో భాగం పైన ఆలెఫ్, బేత్, గీమెల్ అని హెబ్రీ అక్షరాల పేర్లుంటాయి. మేం వాటిని కూడా రాగం తీసి చదివేవాళ్లం. ఒకరోజు చాచా బ్రష్షు పట్టుకునే మా గేటు దగ్గరికి వచ్చాడు.

"చెల్లే, అలిఫ్, బే మావి గదా. మీ ఇంట్లకెట్ల వచ్చినయ్?" అని అమ్మనడిగాడు.

అమ్మ నవ్వి, లోపలికి పిలిచి, టీ ఇచ్చి ఆ పుస్తకం చూపించింది. చాచా టీ తాగుతూ కాసేపు మా చాప వైపు చూసి, ఈ వయసులో తెలుగు అక్షరాలు వస్తాయా అని మెల్లగా అడిగాడు. అమ్మ చాలా గంభీరంగా, చిన్నదాని కింద ఒక జాగా ఖాళీ ఉందని చెప్పింది.

మర్నాటి నుంచి మధ్యాహ్నం నమాజు చేసుకుని చాచా పలకతో వచ్చేవాడు. చెల్లి పీట మీద, చాచా చాప మీద. అది వచ్చినప్పుడు ఆయన లేచి నిలబడాలి. తప్పు రాస్తే గుంజిళ్లు తీయమంది గానీ, మోకాళ్ల నొప్పులని అమ్మ చెప్పాక చెవులు పట్టుకుంటే చాలని తగ్గించింది. అసలు చిక్కు ఏమిటంటే చాచా రాసిన 'అ' అచ్చు వేసినట్టుండేది. చెల్లిది గాలికి ఒరిగిన గుడిసెలా ఉండేది. తన అక్షరంలా లేదు కాబట్టి చాచాదే తప్పని, మళ్లీ రాయించేది. పాపం ఆయన కష్టపడి వంకరగా రాయడం నేర్చుకున్నాడు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నాకు తమ్ముడంటే ఆ రోజుల్లో కొంచెం మంట. వాడికి నేను పాఠం చెప్తే, నాకు తెలియని ప్రశ్న అడిగేవాడు. ఒక వాన మధ్యాహ్నం అక్షరాల పటం ముందు పెట్టుకుని, ఌ, ౡ ఏ మాటలో వస్తాయని అడిగాడు. అక్కనడిగాను. వాటిని వదిలెయ్యమంది. వాడు వదల్లేదు. ఎవరూ వాడని అక్షరాలు ఉన్నప్పుడు పటంలో ఎందుకు పెట్టారంటాడు. నాకు ఒళ్లు మండి, పటంలో పెట్టనిది ఇంకొకటి కూడా ఉంది, అది నీకు తెలుసా అన్నాను.

తెలియదన్నాడు. నాకూ తెలియదు. అప్పటికప్పుడు పలక మీద ఒక 'ఠ' రాసి, పైన ఇంకో తలకట్టు పెట్టి, కింద పిల్లి తోకలా వంపు తిప్పాను. చూస్తే నిజంగానే అక్షరంలా ఉంది. దీన్ని గౌరవాక్షరం అంటారనీ, పెద్దవాళ్ల పేర్ల చివర పెట్టాలనీ, రాయాలి గానీ పలకకూడదనీ చెప్పాను. పలకకూడదన్నది నాకే బాగా నచ్చింది. తమ్ముడు మొదటిసారి ఎదురు ప్రశ్న వేయకుండా పదిసార్లు రాసుకున్నాడు. వాడి మొహం చూసి నవ్వాపుకోలేక లోపలికి పోయి బియ్యం డబ్బా వెనక కూర్చుని నవ్వాను. ఆ తర్వాత మరిచిపోయాను.

కానీ మా బడి పద్ధతి మరిచిపోదు. వాడు సాయంత్రానికల్లా చెల్లికి చెప్పాడు. చెల్లి మర్నాడు చాచాకు చెప్పింది.

పది రోజుల తర్వాత అమ్మ ఉప్పు తెమ్మని పంపితే, కోర్టు దారిలో ఒక వకీలు ఇంటి ముందు కొత్త బోర్డు చూశాను. నల్లటి పలక మీద తెల్లటి పేరు, పేరు చివర ఎర్రగా నా పిల్లి. తోక చుట్టూ పసుపు గీత కూడా ఉంది. అంత అందంగా నేను గీయలేదు. ఉప్పు సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. భయమేసింది. అబద్ధమెందుకు, గర్వంగా కూడా అనిపించింది.

చెబుదామనుకున్నాను. రేపు చెబుదామని ఇంటికొచ్చాను. ఆ రేపు రాలేదు. ఈలోపు పక్క వీధి హోమియో డాక్టరు, వకీలుకు ఉన్నది నాకెందుకు లేదని చాచాను అడిగి తన బోర్డుకూ వేయించుకున్నాడు. నాన్న శనివారం సైకిల్ మీద వస్తూ రెండూ చూసి, సంస్కృతం కాబోలనుకున్నాడట.

తర్వాతి ఆదివారం మా చర్చికి కొత్త బోర్డు వచ్చింది. చాచా తను చెల్లె అని పిలిచే మా అమ్మ చర్చి అని ఇష్టపడి రాసిచ్చాడు. నిచ్చెన వేసి తనే బిగించాడు. ఆరాధన అయి బయటికొచ్చిన వాళ్లంతా తలలెత్తి చూస్తున్నారు. పాస్టరుగారి పేరు చివర నా పిల్లి కూర్చుని ఉంది, అన్నిటికన్నా పెద్దది. ఇదేం అక్షరమని సంఘపెద్ద ఒకాయన అడిగాడు. చాచా నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుని, పెద్దల పేరుకు పెట్టే గౌరవాక్షరమనీ, తనకు తన టీచరు నేర్పిందనీ చెప్పి చెల్లిని చూపించాడు.

చెల్లి తమ్ముణ్ని చూపించింది. తమ్ముడు నన్ను చూపించాడు. అందరూ నా వైపు తిరిగారు.

నేను అక్క వైపు చూశాను. చూడగానే అక్కకు అర్థమైంది, నేను తన పేరు చెప్పబోతున్నానని. అక్క వెనక అమ్మ నిలబడి ఉంది. అక్క నేర్పిందంటే చాలు, లెక్క నేరుగా అమ్మ సర్టిఫికెట్టు దాకా పోతుంది. అమ్మ మొహంలో ఏమీ తెలియని అయోమయం చూసి అక్క పేరు మింగేశాను. చివరికి, "అట్లాంటి అక్షరం లేదు. నేనే పుట్టిచ్చిన" అన్నాను.

ఎవరో నవ్వారు. పాస్టరుగారు కూడా నవ్వాపుకుంటున్నారు. చాచా ఒక్కడే నవ్వలేదు. "అంటే గది అక్షరం కాదా బిడ్డా?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన మళ్లీ నిచ్చెనెక్కి, జేబులోంచి కిరసనాయిలు గుడ్డ తీసి, తోక నుంచి తలకట్టు దాకా నెమ్మదిగా తుడిచేసి, నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఇంట్లో ఎవరూ కొట్టలేదు. కొడితే బాగుండుననిపించింది. అమ్మ, ఇక నుంచి తమ్ముడికి అక్క చెప్తుందనీ, నేను వెళ్లి చెల్లి ముందు చాప మీద కూర్చోవాలనీ చెప్పింది. ఎన్నాళ్లని అడిగితే, చెల్లి పాసు చేసే దాకా అంది. నాన్న సోమవారం బయల్దేరే ముందు సైకిలుకు గాలి కొడుతూ, బోర్డులున్న ప్రతి గడపకూ పోయి చెప్పి రమ్మన్నాడు. ముందు చాచాకు.

చాచా మూడు రోజులు రాలేదు. చెల్లి ఆయన పలక తుడిచి పెట్టుకుని, గేటు వైపు చూస్తూ నాచేత చెవులు పట్టించేది. నాలుగో రోజు నేనే ఆయన గదికి పోయాను. రంగు కలుపుతున్నాడు. తప్పయిందన్నాను. ఆయన పుల్లతో డబ్బా కలుపుతూనే ఉన్నాడు.

"నువ్వు అబద్ధమాడినవని కాదు బిడ్డా నా బాధ. అన్ని అక్షరాలల్ల నాకు గదే మంచిగొచ్చింది."

ఏడ్చేశాను. ఆయన కంగారుపడి, జర ఊకో, రంగులో కన్నీళ్లు పడితే అంటుకోదన్నాడు. ఆ సాయంత్రమే ఇద్దరం బయల్దేరాం, నా చేతిలో గుడ్డ, ఆయన చేతిలో కిరసనాయిలు సీసా.

హోమియో డాక్టరు కోపగించుకుని వెంటనే తుడవమన్నాడు. తుడవబోతే ఆగమని, వకీలుది తుడిచారా అని అడిగాడు. ఇంకా లేదంటే, ఆయనది తుడిచాకే తనది తుడవాలన్నాడు. వకీలు అంతా విని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఉండనియ్యండి, గిరాకీలు ఆ ఎర్రదాన్ని గుర్తుపట్టే ఇంటికొస్తున్నరు అన్నాడు. అలా రెండూ ఉండిపోయాయి. మరో నాలుగైదేళ్లకు ఆ ఇళ్లు పడగొట్టేదాకా, అటువైపు పోవాలంటే నేను చుట్టు తిరిగి పోయేదాన్ని.

మర్నాడు మధ్యాహ్నం చాచా వచ్చి చాప మీద నా పక్కన కూర్చున్నాడు. చెల్లి ఇద్దరికీ హాజరు వేసింది. ఇద్దరు పిల్లలు దొరికేసరికి దాని దర్జా పట్టలేకపోయాం. నాకు తెలిసిన గుణింతాలే మళ్లీ మొదటి నుంచి రాస్తూ, పక్కన చాచా ఒక్కో మాట కూడబలుక్కోవడం వినేదాన్ని. 'మ' దగ్గరా 'య' దగ్గరా ఆయన తడబడితే, నా పలక కొంచెం ఆయన వైపు తిప్పేదాన్ని. చెల్లి చూస్తే ఇద్దరం చెవులు పట్టుకునేవాళ్లం.

వానలు వెనకపట్టే నాటికి చాచా మాటలు రాయడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా పోస్టుకార్డు కొని, మడికొండలో ఉన్న కూతురికి ఉత్తరం రాసి డబ్బాలో వేశాడు. ఆ అమ్మాయి నాలుగో తరగతి దాకా తెలుగు చదువుకుంది. కార్డు చేతికి రాగానే కింద తండ్రి పేరు చూసింది. తండ్రికి తెలుగు రాయడం రాదు కాబట్టి ఎవరో రాశారనుకుంది. ఎవరో రాశారంటే తండ్రి రాయలేని స్థితిలో ఉన్నాడనుకుంది. పైన ఏముందో చదవకుండానే పిల్లను చంకనేసుకుని బస్సెక్కింది.

మేం పాఠంలో ఉండగా మా గేటు తోసుకుని ఏడుస్తూ వచ్చింది. తండ్రి చాప మీద పలకతో, నా పక్కన బాసింపట్టు వేసుకుని ఉన్నాడు. ఆమెకు ఏడుపు ఆగి కోపం వచ్చింది. పాణం మంచిగ లేదనుకుని ఉరికొచ్చిన అని కేకలేసింది. చాచా నిదానంగా, "కార్డు చదివినవా?" అన్నాడు. లేదంది. "చదువు మరి. నాలుగు రోజులు కూసోని రాసిన" అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుని అక్కడే నిలబడి పైకి చదివింది. నేను మంచిగున్న. వానలు పడుతున్నయి. నువ్వు మంచిగున్నవా. మన కోడి ఆరు గుడులు పెట్టింది.

లోపల అమ్మ చేతిలో గిన్నె జారింది. అక్క గోడ వైపు తిరిగింది. కూతురు కార్డు మళ్లీ ఒకసారి చూసి, తండ్రిని చూసి, వరండా మెట్టు మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. చంకలో పిల్ల బెదిరి ఏడుపందుకుంది.

చెల్లి మాత్రం నవ్వలేదు. పీట మీద నుంచే చెయ్యి చాపి కార్డు తీసుకుంది. ఎర్ర పెన్సిల్ అడిగి తీసుకుని, ఆ మాట చుట్టూ సున్నా చుట్టి, "వత్తు ఏది చాచా?" అని అడిగింది.

అమ్మ చాచా కూతురికి టీ ఇచ్చింది. ఆమె ఆ టీ తాగి, పిల్లకు పాలు పట్టి, మడికొండ బస్సుకు లేచేదాకా చాచా తల వంచుకుని 'గుడ్లు' అని పదిసార్లు రాస్తూనే ఉన్నాడు.