నడుమ రాసిన పేరు

నాకు ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరూ బ్రహ్మాండంగా వస్తాయి. వాటిని పక్కపక్కన పెడితే ఏమవుతుందో మాత్రం ఎదుటివాళ్లు చెప్పాలి. ఏడో తరగతిలో బడి మానేసి, నంద్యాలలో దుకాణాలకు బోర్డులు రాసే పనిలో పడ్డవాడిని. ఒకసారి మందుల దుకాణానికి బోర్డు రాసి, నిచ్చెన దిగి, దూరం నుంచి చూసుకుని మురిసిపోతుంటే యజమాని బయటికి వచ్చాడు. నేను రాసింది పక్కనున్న చెప్పుల దుకాణం పేరని చెప్పాడు. అక్షరాలు మాత్రం బాగున్నాయన్నాడు.

ఆ అక్షరాలను నమ్ముకునే, ఎనభైల నడుమ ఒక రోజు నా స్నేహితుడు పాస్‌పోర్టు ఫారం పట్టుకుని ఆళ్లగడ్డ నుంచి వచ్చాడు. వాడు రాతి విగ్రహాలు చెక్కేవాడు. ఇద్దరం ఒకే బెంచీ మీద చదువుకున్నాం. చదువుకున్నామంటే, నేను పలక మీద రాసేవాడిని, వాడు నా పలక చూసి రాసేవాడు. నేను మానేశాను, వాడు మానలేదు. పదో తరగతి మూడోసారి రాసి గట్టెక్కాడు. అప్పుడు నేనే అందరికంటే గట్టిగా నవ్వాను.

దానికి కొన్నాళ్ల ముందు, గల్ఫ్‌లో పాలరాతి పనికి మనుషులు కావాలని ఏజెంటు ఆళ్లగడ్డకు వచ్చినప్పుడు నేనూ పోయాను. వాడు ఉలి పట్టుకున్న తీరు చూసి ఏజెంటు అక్కడికక్కడే సరేనన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వేం పని చేస్తావప్పా?"

"బోర్డులు రాస్తా సార్."

"ఆడ బోర్డులన్నీ అరబ్బీలో ఉంటాయి. వస్తాదా?"

"నాకు తెలుగే సగం వస్తాది సార్."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తిరుగు బస్సు శిరివెళ్ల దాటేదాకా ఆ నవ్వు ముఖం మీద అలాగే పెట్టుకుని కూర్చున్నాను. పక్కసీటు పెద్దాయన పంటి నొప్పా అని అడిగాడు.

ఇంకో కడుపుమంట కూడా ఉంది. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఒక ముద్ర వేస్తారు. ఆ ముద్ర ఉన్నవాడు విమానం ఎక్కే ముందు ఇంకో ఆఫీసుకు పోయి, నేను పోవచ్చా అని అనుమతి తెచ్చుకోవాలి. పాసైనవాడికి ఆ తిరుగుడు లేదు. మూడుసార్లు రాసి పాసైనా ఒకటే, ఒకసారి రాసి పాసైనా ఒకటే. ఆ సంగతి విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

సరే, ఫారం తెచ్చాడు. పదో తరగతి సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొచ్చాడు. ఫోటోలో స్టూడియో వాళ్ల కోటు తొడుక్కుని ఉన్నాడు. దాని మీద సంతకం చేసింది పశువుల డాక్టరు. మా వైపు గెజిటెడ్ ఆఫీసరంటే చాలామందికి ఆయనే దిక్కు.

"ఆయన నీ పండ్లు కూడా చూసినాడా?" అన్నాను.

"చూడలేదప్పా. నీ సంగతి అడిగినాడు. తోలుకొని రమ్మన్నాడు."

మామూలుగా అయితే ఆ మాటకు నేనే ముందు నవ్వేవాణ్ణి. ఆ రోజు మాట మార్చాను.

"ఏజెంటు రాసియ్యడా?"

"వాని కోడిగీతలు ఎవరికి కావాలప్పా? నీ రాత ఉండంగ."

కోర్టు దగ్గర టైపు కొట్టే ఆయనతో వివరాలన్నీ ఒక కాగితం మీద కొట్టించుకుని వచ్చాడు. దాన్ని చూసి నేను ఫారం మీదికి ఎక్కించాలి, అంతే. ఫారం ఇచ్చి బజారుకు పోయాడు.

ఒంటరిగా కూర్చున్నాను. దాచుకోకుండా చెప్తాను. ఒక అక్షరం తప్పు రాద్దామా అనిపించింది. ఒక్క అక్షరం. పాస్‌పోర్టు ఆఫీసు వాళ్లు వెనక్కి పంపుతారు, ఏజెంటు ఇచ్చిన రెండు నెలల గడువు దాటిపోతుంది, వాడి జాగాలో ఇంకొకడు పోతాడు. వాడు మళ్లీ ఆళ్లగడ్డలో రాళ్లు కొట్టుకుంటాడు, నేను ఈడ బోర్డులు రాసుకుంటాను, ఇద్దరం సమానం. పెన్ను పట్టుకుని చాలాసేపు ఇదే ఆలోచించాను.

కానీ చెయ్యి వినలేదు. పదిహేనేళ్లు రాసిన చెయ్యి. తప్పు రాయమంటే దానికి సిగ్గు. చివరికి, ఎందుకో తెలియదు, నా జన్మలో ఏ బోర్డూ రాయనంత అందంగా రాశాను. వాడు తిరిగొచ్చి చూసి, "అచ్చు కొట్టినట్టుండాదప్పా" అన్నాడు. ఆ మాటకు నా కుళ్లు కాస్త దిగింది కూడా.

మూడు వారాలకు ఫారం హైదరాబాదు నుంచి వాపసు వచ్చింది.

ఈసారి భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఫారం నా ముందు పడేశాడు. పేరు రాసే చోట, ఊరు రాసే చోట గళ్ల మీద ఎర్ర సిరాతో గీతలు. బోర్డు మీద పేరు ఎప్పుడూ నడుమ రావాలి కదా. నేను గళ్లు లెక్కపెట్టి, అక్షరాలు లెక్కపెట్టి, ఈ పక్క ఎన్నో ఆ పక్కా అన్నే గళ్లు వదిలి, ప్రతి వరుసలో పేరును సరిగ్గా నడుమ నిలబెట్టాను. అక్కడేమో మొదటి గడి నుంచి మొదలుపెట్టాలట.

"అక్కసుతోనే చేసినావు కదప్పా," అన్నాడు వాడు. గట్టిగా కూడా అనలేదు.

"అక్కసు ఉన్న మాట నిజమే. కానీ ఇది అక్కసుతో చేసింది కాదు."

"మరి?"

"బాగుండాలని చేసినా."

వాడు నమ్మలేదు. నేనైనా నమ్మను. చెడగొట్టాలని కూర్చున్నంతసేపూ తప్పు రాయలేదు. బాగుచేయాలనుకున్నప్పుడే చెడింది. ఈ మాట ఎవరికి చెప్పుకోవాలి?

అయినా వాళ్లు అప్పటికప్పుడు కొత్త ఫారం తెచ్చి నా ముందే పెట్టారు. వాడు మొదటి గడి మీద వేలు పెట్టి పట్టుకున్నాడు, నేను రాశాను. ఆమె ఒక్కో అక్షరం టైపు కాగితంతో సరిచూసింది. ఆమెకూ ఇంగ్లీషు రాదు, ఆకారాలు పోల్చి చూసింది. అప్పుడు తెలిసింది, నా చదువుకూ ఆమె చదువుకూ తేడా లేదని. మర్నాడు వాడే హైదరాబాదు బస్సెక్కి, ఆఫీసు కిటికీలో ఇచ్చి వచ్చాడు. గడువుకు నాలుగు రోజుల ముందు పాస్‌పోర్టు చేతికొచ్చింది. ముద్ర లేదు. బస్టాండులో నాకు తీసి చూపించాడు. నేను పేజీలన్నీ తిప్పాను. ఎక్కడైనా ముద్ర ఉంటుందేమోనని.

వాడు గల్ఫ్‌కు పోయిన ఏడాదికి వాడి భార్య మళ్లీ నా గదికి వచ్చింది, తన తమ్ముడి ఫారం పట్టుకుని. అప్పటికి ఆమె ఇంటికి కొత్త రేకులు పడ్డాయని విని ఉన్నాను.

"ఏందిమ్మా, నంద్యాలలో రాసేటోళ్లే లేరా? మళ్లీ నడుమ రాస్తే?"

ఆమె ఫారం బల్ల మీద పరిచి, మొదటి గడి మీద వేలు పెట్టింది.

"ఈసారి బాగుండాలని రాయొద్దన్నా. కుళ్లుకుంటానే రాయి, తొందరగా అయితాది."