తీగల బావ వేసిన తాళం

మా అక్క మొగుణ్ణి వీధంతా తీగల బావ అంటుంది. ఆ పేరు పెట్టింది నేనే. ఇరవై ఏళ్ళుగా ఇళ్ళకి ఇంటర్నెట్ ఇవ్వడమే ఆయన పని. మా మేడ పైకప్పు దాకా ఫైబర్ తీగ వస్తుంది, అక్కణ్ణించి గాల్లోనే ఇంటింటికీ సిగ్నల్. ఎవరింట్లో రూటర్ మొరాయించినా నిచ్చెన భుజాన వేసుకుని ప్రత్యక్షమవుతాడు. మనిషి బంగారమే గానీ, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఆమె ఛాతీకి అంటించిన బిళ్ళ గుండె ఎలా కొట్టుకుంటోందో మంచం పక్కనున్న పెట్టెకి చెబుతుంది, పెట్టె మా రూటర్ గుండా ఆసుపత్రికి చెబుతుంది. ఇంట్లో ఆ రూటర్‌ని వాడేది ఆ పెట్టె ఒక్కటే. లయ తప్పితే వాళ్ళే ఫోన్ చేస్తారు. ఆమధ్య బావకి లైను ఇచ్చే ఇంటర్నెట్ కంపెనీ ఆఫీసువాళ్ళు రూటర్లన్నిటినీ దూరాన్నించే తమ చేతిలోకి తీసుకున్నారు. ఏది లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో తేల్చే కాపలా, అదే ఫైర్‌వాల్, అదీ వాళ్ళదే. మొదటి రోజే ఆ కాపలా అమ్మ పెట్టెని ఆపేసింది. బావ గంటలో సరిచేయించాడు గానీ భయం పట్టుకుంది. ఆఫీసు మళ్ళీ వేలు పెట్టకుండా, ఎవరికీ చెప్పకుండా మా రూటర్ పాస్‌వర్డ్ మార్చేశాడు.

నెల గడిచింది. ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది.

"రెండు రోజులుగా మీ అమ్మగారి గుండె మాకు కనబడట్లేదండీ. ఆవిడ... బాగానే ఉన్నారా?"

రూటర్ దీపాలు వెలుగుతున్నాయి, పెట్టె మీదా ఆకుపచ్చే. అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. గుమ్మం నుంచి మంచానికి నాలుగడుగులు. దేవుడా దేవుడా అనుకుంటూ ఎలాగో వెళ్ళి భుజం ముట్టుకున్నాను.

"ఏంటే, చెయ్యి ఇంత చల్లగా ఉంది?" అంది అమ్మ.

నాకు ఏడుపొచ్చేసింది.

నేను పిలవగానే బావ నిచ్చెన కూడా లేకుండా పరుగెత్తుకొచ్చి ఆఫీసమ్మాయికి ఫోన్ కలిపాడు.

"మమ్మల్ని లోపలికి రానివ్వని రూటర్ కదా సార్, తనిఖీలో దొంగ కనెక్షన్ అనుకుని పైనుంచే ఆపేశాం. పాస్‌వర్డ్ చెప్పండి, కలుపుతాం."

"చెప్తే మళ్ళీ మూసేస్తారు!"

"చెప్పకపోతే తెరవలేం సార్."

"నీ పంతం తగలెయ్య! అమ్మ ప్రాణంతోనా బావా?" అని అరిచాను.

ఆయన మొహం పాలిపోయింది. ఒక్కో అక్షరం చెప్పాడు. రెండు నిమిషాలకి నర్సు మళ్ళీ ఫోన్ చేసింది.

"ఇప్పుడు కనిపిస్తోందండీ. లయ బాలేదు. వెంటనే తీసుకొచ్చెయ్యండి."

"రెండు రోజులు..." అంటూ బావ గోడకి చేరగిలబడిపోయాడు.

అమ్మ చెప్పులు వెతుక్కుంటూ అడిగింది.

"తాళం ఆఫీసు దగ్గరుండాలా, నీ దగ్గరుండాలా అనేగా బాబూ మీ గొడవ? గుండె నాది. నన్నొక్క మాటైనా అడిగారా?"

బావ మందుల చీటీ వెనక పాస్‌వర్డ్ రాసిచ్చాడు. అమ్మ దాన్ని కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుని కారెక్కింది.

పది రోజులకి తిరిగొచ్చింది. ఇప్పుడు ఆఫీసు ఏం మార్చాలన్నా, బావ ఏం ముట్టుకోవాలన్నా ముందు ఆమెనే అడుగుతారు. నేను మాత్రం ఆకుపచ్చ దీపాన్ని నమ్మను. మధ్యాహ్నం ఆమె గోడవైపు తిరిగి పడుకుంటే, ఆ నాలుగడుగులూ వేసి ఊపిరి చూసి వస్తాను.