మా బావ జ్వరంతో పోయాడు

తొమ్మిదేళ్ళ కిందట మా ఊరి చావడిలో ఒక మాట అన్నారు. "పిచ్చోడి సాక్ష్యం చెల్లదు" అని. ఆ మాట మింగలేక, కక్కలేక ఇన్నేళ్ళూ తిరిగాను. మొన్న మంగళవారం మధ్యాహ్నం, ఆ మాట పడ్డ మనిషి పోయాడు. మా బావ. మా అక్క మొగుడు. తొమ్మిది రోజులు జ్వరంతో కాలిపోయి పోయాడు. పోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే ముందు కోపమే వస్తోంది. రానివ్వండి. నాది రెండో వాచకం చదువు. కోపాన్ని మడిచి పెట్టి రాయడం నాకు చేతకాదు.

బావది నాపరాళ్ళు పరిచే పని. కారంపూడి నుంచి వినుకొండ దాకా ఆయన పరిచిన వసారాలు ఎన్ని ఉన్నాయో ఆయనకే తెలియదు. ప్రతి రాయినీ సుత్తితో తట్టి, చెవి పెట్టి వినేవాడు. ఖంగుమంటే మంచి రాయి. బొంగురుగా పలికితే లోపల పగులు. పక్కన పడేసేవాడు.

యాభై దాటాక ఆయనకు జబ్బు చేసింది. ఎవరూ లేనిచోట ఎవరో తిడుతున్నారనేవాడు. అక్క వండిన అన్నంలో విషముందని ఒకనాడు కుండ పగలగొట్టాడు. భూతవైద్యుణ్ణి పిలిపిస్తే వాడు వేపమండలతో వీపు చీరేసి పోయాడు. ఆ తరవాత గొడ్లపాకలో రాటకు గొలుసేసి కట్టాం. కట్టాం కాదు, కట్టాను. తాళంచెవి ఏడు నెలలు నా మొలతాడుకే ఉంది. ఊరిని తిట్టేముందు ఈ సంగతి రాయకపోతే నేను మనిషిని కాను.

"మద్రాసు పిచ్చాసుపత్రిలో పడేసి రా, పీడ పోద్ది" అన్నారు ఊళ్ళో. అక్క ఒప్పుకోలేదు. "ఆయన పీడైతే నన్ను కూడా ఆ రాటకే కట్టెయ్ రా" అంది. చివరికి ఎవరో చెబితే రైలెక్కించి ఒక మిషను ఆసుపత్రికి తీసుకుపోయాను. గొలుసుతోనే. అక్కడి డాక్టరమ్మ తెలుగావిడే. గొలుసు చూసింది, నన్ను చూసింది.

"ఈయన మీకేమవుతారు?"

"పిచ్చోడు తల్లీ. ఏడు నెలల్నుంచీ ఇంతే."

"జబ్బు అడగలేదు. చుట్టరికం అడిగాను."

"మా బావ" అన్నాను. ఏడు నెలలుగా నేను ఆయన్ను బావా అని పిలవనే లేదని అప్పుడు తెలిసింది. వాడు, వీడు, పిచ్చోడు. అంతే.

"ముందు గొలుసు విప్పి, ఆ పిలుపుతో పిలవండి" అంది.

ఆమె నిద్రకు మందిచ్చింది. మిగతాదంతా మాటలే. రోజూ పొద్దున్నే ఆయన పక్కన కింద కూర్చుని, "ఈ రోజు ఏమన్నారు వాళ్ళు?" అని అడిగేది. మొదట్లో నాకు ఒళ్ళు మండింది.

"కబుర్లతో పిచ్చి కుదురుద్దా తల్లీ? గట్టి మందేదన్నా ఇయ్యి" అన్నాను.

"ఈయన చెప్పేది ఈ ఏడు నెలల్లో ఎవరన్నా చివరిదాకా విన్నారా?" అంది. ఎవరూ వినలేదు. నేనసలే వినలేదు.

తరవాత ఆయన చేతికి సుత్తి ఇప్పించింది. ఆసుపత్రి వసారాకు రాళ్ళు పరచమంది. నేను జడుసుకున్నాను, ఎవరి తల పగలగొడతాడోనని. ఎవరి తలా పగలలేదు. ఆ తిట్టే గొంతులు వినపడ్డప్పుడల్లా రాయి తట్టి, అది ఎట్టా పలికిందో పైకి చెప్పమంది. "ఖంగుమంది" అనేవాడు. "బొంగురు" అనేవాడు. మొదటి వారం రోజుకు ఒక్క రాయే పరిచాడు. నాలుగో నెలకు వసారా అయిపోయింది. తిరిగొచ్చేటప్పుడు రైలుదాకా నా ముందు నడిచాడు. నేనే వెనక పడ్డాను.

గొంతులు పూర్తిగా పోలేదు. ఆ సంగతి ఆయన దాచలేదు.

"ఇంకా వస్తారా బావా వాళ్ళు?" అని అడిగాను ఒకసారి.

"వస్తారు. నీలాగే, పిలవకుండా. కూర్చోమనను. వాళ్ళే పోతారు."

గొలుసు గురించి ఒక్కసారి ఎత్తాను. ఆయన నవ్వాడు. "గొలుసు సంగతి వొదిలెయ్ రా బామ్మర్దీ. ఆ రోజుల్లో నువ్వు తెచ్చిన పులుసులో ఉప్పుండేది కాదు. దానికి చెప్పు సంజాయిషీ" అన్నాడు.

వచ్చిన రెండేళ్ళకు ఊరి చావడికి రాళ్ళు పరిచింది ఆయనే. పని చేయించుకోవడానికి ఆయన పిచ్చి ఎవరికీ అడ్డం రాలేదు. ఆ మరుసటేడు ఒక పెద్ద రైతు పక్కవాడి హద్దురాయి జరుపుతుంటే బావ కళ్ళారా చూశాడు. చావడికొచ్చి చెప్పాడు. అప్పుడన్నాడు మునసబు ఆ మాట, పిచ్చోడి సాక్ష్యం చెల్లదని. తాను పరిచిన రాళ్ళ మీదే నిలబడి విన్నాడు బావ. నేను కర్ర తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాడు.

"నాకు లేని గొంతులు వినపడతయ్యి. వాళ్ళకు ఉన్న గొంతే వినపడదు. మందు ఎవరికి కావాల్రా?" అన్నాడు.

ఆ తరవాత ఇంకెప్పుడూ చావడి మెట్లెక్కలేదు. పన్నెండు మైళ్ళ అవతల ఎవరికన్నా తిక్కపుట్టి కట్టేశారని తెలిస్తే మాత్రం నడిచిపోయేవాడు. పోయి పక్కన కూర్చునేవాడు. "ఏమంటున్నారు వాళ్ళు?" అని అడిగేవాడు. అట్టా ఇద్దర్ని డాక్టరమ్మ దగ్గరికి తనే తీసుకుపోయాడు.

ఇప్పుడు అసలు సంగతి. చావు రాయించడానికి గురువారం చావడికి పోయాను. మునసబు రాసి, పుస్తకం మూయబోయాడు. చావుకు కారణం అన్నచోట రెండక్షరాలున్నాయి. రెండే కాబట్టి మూసేలోపే చదివేశాను. పిచ్చి.

"ఇదేందయ్యా? మనిషి జ్వరంతో పోతే?"

"జ్వరం అందరికీ వస్తది. నీ బావ పిచ్చోడని ఊరందరికీ తెలుసు గదా. ఒకసారి పట్టింది పోద్దా?"

"మీ కాళ్ళ కింద రాళ్ళెవరు పరిచారు?"

"పిచ్చోడు పరిచినా రాయి రాయేలే. ఇంటికి పో ముసలోడా."

వచ్చాను. కర్ర తీయలేదు. బావ పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది.

మునసబు గారూ, బతికున్నప్పుడు ఆయన మాట చెల్లదన్నారు. ఆయన బాగుపడి పన్నెండేళ్ళు మాతో కలిసి తిన్నాడు, పని చేశాడు, నవ్వాడు. ఆ పన్నెండేళ్ళూ మీ రెండక్షరాల కింద పూడిపోతాయి. రేపు ఆయన మనవళ్ళు ఆ పుస్తకం తెరిస్తే తాత ఎట్టా పోయాడని చదువుకోవాలి? ఊళ్ళో ఇంకొకరికి జబ్బు చేస్తే, బాగుపడ్డ మనిషిని చూశామని ఎవరు చెప్పాలి?

పుస్తకం తాలూకాకు పోయేది నెలాఖరు శనివారమని తలారి చెప్పాడు. ఆ శనివారం పొద్దు గుంకే లోపల ఆ మాట కొట్టేసి జ్వరం అని రాయండి. రాయకపోతే, ఏ వైద్యుడు చెబితే పిచ్చితో పోయాడని రాశారో ఊరందరి ముందూ చెప్పండి. రెంటిలో ఒకటి కావాలి నాకు.

ఆ రోజు నేను ఒక్కణ్ణే రాను. అక్క కూడా వస్తుంది. ఆమెకు చదువు రాదు. అందుకని నాలుగు రోజులుగా వాకిట్లో బూడిద చల్లి, వేలితో ఒక్క మాటే దిద్దిస్తున్నాను. జ్వరం. రెండక్షరాలు, ఒక సున్న. నిన్నటికి వచ్చేసింది. పుస్తకం ఆమె ముందు పెట్టండి. ఉందో లేదో ఆమే చూసుకుంటుంది.