మూడోసారి అడుగుతారనుకున్న పాస్టరుగారు

పాస్టర్ ఆర్విడ్ టాలెఫ్సన్‌గారికి ఐహికమైన కోరికలు పెద్దగా లేవు. మినెసోటా ఉత్తరపు కొసన, ఫిబ్రవరిలో కన్నీళ్లు కూడా చెంప దాటకుండా గడ్డకట్టే ఊళ్లో, కాలేజీ పిల్లలకు దేవుడి మాటా వేడి సూపూ అందించే ఉద్యోగం ఆయనది. అలాంటి మనిషికి కోరికలు ఎక్కువుంటే బతకడం కష్టం. ఉన్నది ఒక్కటే: కాలేజీ బ్రూమ్‌బాల్ పోటీలో గెలిచిన జట్టుకిచ్చే నీలం టీషర్టు. వీపు మీద ‘విజేత’ అని ఉంటుంది. ఒక్క ఉతుకుతో చంటిపిల్లల సైజుకి వచ్చేస్తుందని వేసుకున్నవాళ్లు చెబుతారు. అయినా సరే, కావాలి.

బ్రూమ్‌బాల్ అంటే గడ్డకట్టిన మైదానం మీద, స్కేట్లు లేకుండా, ఉత్త బూట్లతో పరిగెడుతూ కర్రలతో బంతిని గోల్లోకి తోసే ఆట. పరిగెడుతూ అనడం మర్యాదకి. ఎక్కువసేపు పడుతూనే ఉంటారు. పాస్టరుగారు నడుపుతూ, తనూ కలిసి ఆడే చర్చి పిల్లల ఫెలోషిప్ జట్టు ఇంతవరకూ గెలవకపోవడానికి చేతకానితనం ఒక్కటే కారణం కాదు. ఎదుటి జట్టువాడు పడితే చాలు, వీళ్లు బంతి వదిలేసి “అయ్యో, దెబ్బ తగిలిందా?” అంటూ లేవనెత్తడానికి వెళతారు. ఈలోగా వాళ్లు గోలు కొట్టేస్తారు. సత్ప్రవర్తన బహుమతి ఏటా వీళ్లదే. దానికి టీషర్టు లేదు.

ఈ ఏడు ఎలా జరిగిందో దేవుడికే తెలియాలి, ఫైనల్‌కి వచ్చారు. శనివారం ఇంజనీరింగ్ హాస్టల్ జట్టుతో ఆట. సోమవారం పొద్దున్నే జట్టు కెప్టెన్ ఇంగా వార్త మోసుకొచ్చింది.

“పాస్టర్‌గారూ, వాళ్ల గోల్‌కీపర్ గన్నర్ మెట్ల మీద జారాడట. కాలు బెణికిందట.”

“అయ్యయ్యో!” అన్నారు పాస్టరుగారు. అనడం ఒక క్షణం ఆలస్యమైంది. ఆ క్షణంలో ఆయన గుండె చిన్న గంతు వేసింది. సాయంత్రం ఇంటికెళ్లి, గిన్నెలు తుడుస్తున్న భార్య మారెన్‌కి ఆ పాపం ఒప్పుకున్నారు.

“గంతా?”

“చిన్నదే.”

“ఎంత చిన్నది?”

“రెండు గంతులు.”

“అయితే హాట్‌డిష్ చేయక తప్పదు,” అంది మారెన్.

మా వైపు చావుకి, పురుటికి, పాపానికి మందు ఒకటే. అడుగున కైమా, మధ్యలో డబ్బా సూపు, పైన సైనికుల్లా వరస తీరిన బంగాళదుంప వేపుడు ముక్కలు. అంతా కలిపి ఓవెన్‌లో కాల్చడమే.

బుధవారం ఫెలోషిప్ భోజనాల దగ్గర ఇంగా లేచి, “గన్నర్ కాలు శనివారంలోగా నయమవ్వాలని ప్రార్థన చేద్దాం,” అంది. శత్రుపక్షం గోల్‌కీపర్ కోసం ఇంత భక్తిగా ప్రార్థించే జట్టు భూగోళం మీద ఇంకోటి ఉండదు. అందరూ ఒక్క గొంతుతో ఆమెన్ అన్నారు. కాస్త ఆగి, ఇంకో ఆమెన్ ఒంటరిగా వినబడింది.

“నాన్నా, నువ్వు లేటుగా అన్నావు,” అంది ఎనిమిదేళ్ల కూతురు సిగ్నే.

“గొంతులో నూడుల్ అడ్డం పడింది తల్లీ.”

“సూపులో నూడుల్సే లేవుగా?”

గురువారం ఆయన హాట్‌డిష్ పట్టుకుని గన్నర్ గదికి వెళ్లారు. తలుపు నిండా ఉన్న కుర్రాడు సిగ్గుతో నేలచూపులు చూశాడు.

“అబ్బే, నాకెందుకండీ పాస్టర్‌గారూ.”

“ఉంచు బాబూ.”

“అబ్బే, వద్దండీ. మీ ఇంట్లోకి ఉంచుకోండి.”

“ఉంచవయ్యా!”

“సరే, ఒక్క ముద్ద,” అని గిన్నె మొత్తం అందుకున్నాడు.

ఇది మా రాజ్యాంగం. మొదటి రెండు ‘వద్దు’లూ మర్యాదకి; మూడోసారి అడిగినప్పుడు చెప్పేదే అసలు జవాబు. ఇది తెలియనివాళ్లు మినెసోటాలో ఆకలితో పోతారు. గిన్నె అడుగున టేపు మీద ‘టాలెఫ్సన్’ అని రాసి ఉంది. అలాంటి గిన్నె తిరిగి రాకుండా ఉండకూడదు, ఖాళీగానూ రాకూడదు.

శనివారం గోలు ముందు కొండలా నిలబడి గన్నర్ చెయ్యి ఊపాడు. “పాస్టర్‌గారూ! మీ ప్రార్థన పనిచేసిందండీ!”

“దేవుడికి స్తోత్రం,” అన్నారు పాస్టరుగారు పంటి బిగువున.

పడుతూ లేస్తూ రెండు జట్లూ చెరో గోలు కొట్టాయి. ఆట ముగియబోతుండగా బంతి ఎవరి బూటుకో తగిలి, దారి తప్పిన గొర్రెపిల్లలా పాస్టరుగారి కర్ర ముందుకొచ్చి ఆగింది. ఎదురుగా గన్నర్ ఒక్కడే. ఆయన కర్ర ఎత్తారు. గన్నర్ కళ్లు చెమర్చాయి.

“హాట్‌డిష్ చాలా బాగుందండీ,” అని పక్కకి తప్పుకున్నాడు.

కర్ర ఆగలేదు. బంతి గోల్లో పడింది. సిగ్నే గెంతింది, ఇంగా ఏడ్చింది, అంపైరు ఈల వేశాడు. పాస్టరుగారి మనసు మాత్రం మంచు మీద చతికిలబడింది. ఆయన నేరుగా అవతలి కెప్టెన్ జియానా దగ్గరికి నడిచారు.

“అమ్మా, ఈ గోలు న్యాయమైంది కాదు. గెలుపు మీదే, తీసుకోండి.”

ఇక్కడ పాస్టరుగారి లెక్క పాస్టరుగారికుంది. ఆ పిల్ల ‘అయ్యో, కాదండీ, మీదే’ అంటుంది. ఈయన మళ్లీ ‘వద్దమ్మా’ అంటారు. మూడోసారి అడిగినప్పుడు, బరువైన హృదయంతో, మీడియం సైజు పుచ్చుకుంటారు. అంతరాత్మా నిలుస్తుంది, టీషర్టూ దక్కుతుంది.

జియానాది న్యూజెర్సీ.

“సరే, థ్యాంక్స్!” అని ఆ పిల్ల టీషర్టుల పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయింది.

రెండు జట్లూ నోళ్లు తెరుచుకుని చూశాయి. అంత ఘోరాన్ని ఆ మంచు మునుపెన్నడూ చూడలేదు. అంపైరుని అడగబోతే, “నా కాళ్లు మొద్దుబారాయి, మీరూ మీరూ తేల్చుకున్నారుగా,” అని దీపాలార్పేశాడు.

ఇంటికి నడుస్తుంటే సిగ్నే అడిగింది: “నాన్నా, మనం గెలిచామా?”

“ఆధ్యాత్మికంగా,” అన్నారు పాస్టరుగారు.

“అంటే ఓడిపోయామన్నమాట,” అంది మారెన్.

ఆదివారం ఆరాధన అయ్యాక, ఇంట్లో భోజనానికి కూర్చోబోతుంటే గంట మోగింది. గుమ్మంలో గన్నర్, చేతిలో తోమి తెచ్చిన గిన్నె, పైన రేకు కప్పి ఉంది. ఆయన రేకు ఎత్తారు. లోపల, కేకు ముక్కలుండాల్సిన చోట, నీలం టీషర్టు మడత పెట్టి ఉంది.

“నాకు వంట రాదండీ,” అన్నాడు గన్నర్. “జియానా తెలియక అలా... మీడియం అడిగి తీసుకున్నాను.”

పాస్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి. “అబ్బే, వద్దు బాబూ. అది నీ—”

ఆయన భుజం మీదుగా మారెన్ చెయ్యి చాచి టీషర్టు లాక్కుంది. “సరే, థ్యాంక్స్!”

“నేనింకా ఒకసారి వద్దనాలి,” అన్నారాయన నీరసంగా.

“లోపలికెళ్లి అనుకో. ముందు వేసుకో.”