పటిక తిప్పిన నీళ్లు

నా చేప పేరు పట్టినతనికే తెలియదు. పట్టిసీమ దగ్గర వలలో పడితే, కూరకి పనికిరాదని పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. అచ్చం ఎండుటాకులా ఉంటుంది. రంగూ అదే, నీళ్లలో తలకిందులుగా వేలాడే తీరూ అదే.

దాన్ని సాకడం మాత్రం కొత్త అల్లుణ్ణి మేపడమే. కొన్న మేత ముట్టదు. బతికున్న చిరుచేపలే కావాలి, వాటిని బకెట్లో వేరుగా ఉంచాలి. కుళాయి నీళ్లు పడవు, గోదావరి నీళ్లు డబ్బాలతో మోసుకురావాలి. గదిలో ఏది కదిలినా తిండి మానేస్తుంది. అందుకని కాలేజీ నుంచి రాగానే ఫ్యాన్ ఆపేసి, చెమటలు కక్కుతూ కుర్చీలో బొమ్మలా కూర్చునేదాన్ని. కాసేపటికి ఆకు మెల్లగా కదిలి నోరు తెరిచేది. రాజమండ్రిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. నా ఎదుట తప్ప ఇంకెవరి ఎదుటా తినని ప్రాణి ఒకటి ఇంట్లో ఉందని నాకెంత గర్వమో.

వరదల్లో కోనసీమ నుంచి అక్క వచ్చింది. అప్పటికి గోదావరి ఎర్రబడింది, చేప ఉన్న అద్దాల తొట్టెలో నీళ్లూ ఎర్రబడ్డాయి. చేపకి ఇబ్బందేమీ లేదు, ఇబ్బందంతా అక్కకే. చేప ఎక్కడుందో కనబడక తొట్టె చుట్టూ తిరిగేది. అద్దం కొట్టొద్దని కసిరితే నవ్వేసేది.

మర్నాడు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి తొట్టెలో నీళ్లు తేటగా మెరుస్తున్నాయి. వరదల రోజుల్లో మంచినీళ్ల బిందెలో పటిక తిప్పడం మా ఇళ్లలో అందరూ చేసే పనే. అక్క తొట్టెలోనూ తిప్పింది. చేప అడుగున పక్కకి ఒరిగిపోయి ఉంది. దాని ఒంటి మీది చారలన్నీ మొదటిసారి అప్పుడే చూశాను.

పటిక పడక చచ్చిపోయిందని చెబితే అక్క నేల మీద కూలబడింది.

"తేటగా ఉంటే నువ్వు హాయిగా చూసుకుంటావనుకున్నానే," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఆ ముఖం చూసి పోనీలే అన్నాను, అదీ పుల్లవిరిచినట్టే వచ్చింది. మర్నాడు పొద్దున్నే అక్క బస్సెక్కేసింది. ఇంకో రెండు రోజులు ఉండమని నోటిదాకా వచ్చింది, అనలేదు.

తొట్టె కడిగి, కొత్త నీళ్లు పోసి, బకెట్లో మిగిలిన చిరుచేపల్ని అందులో వదిలాను. మెతుకు వేసినా తింటాయి. పనమ్మాయి అటుగా వెళ్లినా, పాలవాడు గుమ్మంలోంచి తొంగిచూసినా గుంపుగా అద్దం దగ్గరికి వచ్చేస్తాయి. నేను ఇప్పటికీ సాయంత్రాలు ఫ్యాన్ ఆపేసి, కదలకుండా కూర్చుంటున్నాను. వాటికి ఆ అవసరం లేదు.